మీ యంత్రాన్ని మరచిపోండి

వెబ్ అప్లికేషన్ రాయగలిగిన పిల్లలు మన ఇంజనీరింగ్ కాలేజీల నిండా ఉన్నారు. రాసినదాన్ని పదిమందీ వాడుకునే చోట నిలబెట్టే దగ్గరికొచ్చేసరికి చాలామంది ఆగిపోతారు. ప్రాజెక్టు రివ్యూలో లాప్‌టాప్ తిప్పి చూపిస్తారు, మార్కులు తెచ్చుకుంటారు, రెజ్యూమెలో ఒక లైను రాసుకుంటారు. ఆ యాప్ కథ అక్కడితో సరి. ఇంటర్వ్యూలో ఎదుటివాళ్లు "లింక్ ఉందా, ఓసారి ఓపెన్ చేద్దాం" అంటే మాత్రం నోట మాట రాదు.

ఆ లింక్ సంపాదించుకోవడం ఎలాగో ఈ అధ్యాయంలో చూద్దాం. యాప్‌ను కంటెయినర్‌లో పెట్టి, సర్వర్‌లెస్ పద్ధతిలో నడిచే గూగుల్ క్లౌడ్ రన్ మీద డిప్లాయ్ చేయడం మనం ఎంచుకున్న దారి. ఇందులో వాడే ఆదేశాలు నాలుగైదుకు మించవు, ఒక పూటలో పట్టుబడతాయి. పట్టుబడటానికి సమయం తీసుకునేది ఒక అలవాటు. నా ప్రోగ్రాం నడిచే యంత్రం నాది కాదు, అది ఏ క్షణాన్నయినా మాయం కావచ్చు, పక్కన దాని జంట ఇంకోటి పుట్టొచ్చు. ఈ ఎరుకతో ప్రతి లైనూ రాయడమే ఆ అలవాటు. కొత్తవాళ్లకు తగిలే దెబ్బల్లో ఎక్కువ భాగం ఇది లేకపోవడం వల్లనే తగులుతాయి. అందుకే ఈ అధ్యాయంలో ఏ మెట్టు దగ్గర ఉన్నా ఒకే ప్రశ్న వేసుకుంటూ వెళ్దాం: "ఈ యంత్రం ఇప్పుడు మాయమైతే నాకేం పోతుంది?"

ఏ యాప్‌కు ఈ దారి నప్పుతుంది?

మీది నూజివీడు దగ్గర మామిడితోట ఉన్న కుటుంబం అనుకుందాం. బంగినపల్లి, చిన్నరసాలు నేరుగా ఇళ్లకు పంపాలని పైథాన్‌లో, ఫ్లాస్క్ వాడి ఆర్డర్ల సైటు రాశారు. కొనేవాళ్లు పేరు, ఫోన్ నంబరు, చిరునామా, ఎన్ని పెట్టెలు కావాలో నింపుతారు. మీ నాన్నగారు తోటలోంచి కాయల ఫొటోలు ఎక్కిస్తారు. ఆర్డర్ ఖాయమైతే తెలుగులో పీడీఎఫ్ రశీదు వస్తుంది.

ఈ సైటుకు పని ఏప్రిల్ నుంచి జూన్ దాకానే. ఆ మూడు నెలల్లోనూ అర్ధరాత్రి దాటాక వచ్చేవాళ్లు ఏ ఒకరో ఇద్దరో. బంధువుల వాట్సాప్ గ్రూపుల్లో లింక్ పడ్డ అరగంటలో మాత్రం అందరూ ఒక్కసారే వచ్చి పడతారు. దీనికోసం నెలవారీ అద్దెకు ఒక వర్చువల్ మెషీన్ తీసుకుంటే, మిగతా తొమ్మిది నెలలూ ఖాళీ గదికి అద్దె కట్టినట్టే. పైగా దాని ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్లు, సెక్యూరిటీ ప్యాచ్‌లు, డిస్కు నిండిపోవడం అన్నీ మీ నెత్తినే. క్లౌడ్ రన్‌లో రిక్వెస్టులు లేనప్పుడు నడిచే ఇన్‌స్టెన్సుల (అంటే మీ కంటెయినర్ ప్రతుల) సంఖ్య సున్నాకు దిగుతుంది. రిక్వెస్ట్ రాగానే ఒకటి లేస్తుంది. రద్దీ పెరిగితే వాటి సంఖ్యా పెరుగుతుంది.

రెండు పాయలు కలిసి ఈ సౌకర్యం వచ్చింది. 2013 మార్చిలో అమెరికాలోని శాంటా క్లారాలో జరిగిన పైకాన్ సదస్సులో సాలమన్ హైక్స్ కొద్ది నిమిషాల ప్రసంగంలో డాకర్‌ను లోకానికి చూపించాడు. ప్రోగ్రాంను, దానికి కావలసిన లైబ్రరీలన్నిటినీ ఒకే ఇమేజ్‌గా మూటకట్టి కంటెయినర్‌గా నడిపే పని దాంతో సామాన్య ప్రోగ్రామర్ల చేతికి అందింది. 2014 నవంబరులో అమెజాన్ ప్రకటించిన లాంబ్డా సర్వర్ సంగతే పట్టించుకోకుండా కోడ్ నడిపే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది. అయితే కోడ్‌ను వాళ్లు చెప్పిన అచ్చులో రాయాల్సి వచ్చేది. 2019 ఏప్రిల్‌లో గూగుల్ ప్రకటించిన క్లౌడ్ రన్, "ఏ భాషలోనైనా రాయండి, కంటెయినర్‌గా ఇవ్వండి చాలు" అంది. దాని వెనక ఉన్నది 2018లో వచ్చిన కేనేటివ్ అనే ఓపెన్ సోర్స్ నమూనా. తర్వాత లాంబ్డా కూడా 2020 డిసెంబరు నుంచి కంటెయినర్ ఇమేజ్‌లను తీసుకుంటోంది. మైక్రోసాఫ్ట్ దగ్గర అజూర్ కంటెయినర్ యాప్స్ ఉంది. కాబట్టి ఇక్కడ నేర్చుకున్నది ఒక్క కంపెనీకే పరిమితమైన విద్య కాదు.

కల్యాణ మండపాన్ని ముహూర్తం వేళకు అద్దెకు తీసుకుంటాం. వంటగది, కుర్చీలు, కరెంటు వాళ్లవి. నగలు మాత్రం ఎవరూ మండపం బీరువాలో వదిలి రారు. సర్వర్‌లెస్ కూడా అంతే: వసతి వాళ్లది, విలువైనవి ఎక్కడ దాచాలో చూసుకునే బాధ్యత మీది.

ముందు ఒప్పందం తెలుసుకోండి

క్లౌడ్ రన్‌కు, మీ కంటెయినర్‌కు మధ్య కొన్ని షరతులున్నాయి. డిప్లాయ్ చేసిన తర్వాత ఎర్రర్ల రూపంలో వాటిని కనుక్కునే బదులు ముందే తెలుసుకుంటే సగం తలనొప్పి తగ్గుతుంది.

ఒకటి, వినాల్సిన పోర్టు. ఏ పోర్టు దగ్గర వినాలో పోర్ట్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ద్వారా ప్లాట్‌ఫామే చెబుతుంది. మామూలుగా అది 8080. ఫ్లాస్క్ అలవాటుగా 5000 దగ్గర, అదీ 127.0.0.1 చిరునామా మీద వింటుంది. అంటే సొంత యంత్రంలోంచి వచ్చే పిలుపులకే పలుకుతుంది. కంటెయినర్ బయటి నుంచి వచ్చే పిలుపు వినాలంటే 0.0.0.0 మీద వినాలి. మొదటిసారి డిప్లాయ్ చేసినప్పుడు "కంటెయినర్ మొదలై ఫలానా పోర్టు దగ్గర వినలేదు" అన్న ఎర్రర్ వస్తే, ముందు చూడాల్సింది ఈ రెండే.

రెండు, లేవడానికి గడువు. కంటెయినర్ మొదలైన నాలుగు నిమిషాల్లోగా వినడం ప్రారంభించాలి. గడువు ఉంది కదా అని తాత్సారం చేయకండి. సున్నా నుంచి ఇన్‌స్టెన్స్ లేచే ప్రతిసారీ మొదట వచ్చిన కస్టమర్ అంతసేపూ తెల్ల స్క్రీన్ చూస్తూ కూర్చుంటాడు. కోల్డ్ స్టార్ట్ అంటే ఇదే.

మూడు, జవాబుకు గడువు. ఒక రిక్వెస్టుకు డీఫాల్ట్‌గా 5 నిమిషాలు, మార్చుకుంటే 60 నిమిషాల దాకా ఇస్తారు.

నాలుగు, పోయే ముందు పిలుపు. ఇన్‌స్టెన్స్‌ను తీసేసే ముందు దానికి సిగ్‌టర్మ్ అనే సిగ్నల్ వస్తుంది. ఆ తర్వాత సర్దుకోవడానికి 10 సెకన్లు. అటుపైన నిర్దాక్షిణ్యంగా ఆపేస్తారు.

ఐదు, ఫైల్ సిస్టమ్. కంటెయినర్‌లో రాసిన ఫైళ్లు డిస్కు మీద ఉండవు, మెమరీలో ఉంటాయి. ఇన్‌స్టెన్స్‌తో పాటే పోతాయి. పోయేదాకా మీ యాప్‌కిచ్చిన మెమరీని తింటుంటాయి. డీఫాల్ట్ మెమరీ 512 ఎంబీ మాత్రమే.

డాకర్‌ఫైల్: తక్కువ రాయండి

డాకర్‌ఫైల్ అంటే ఇమేజ్ ఎలా తయారుచేయాలో చెప్పే చిన్న టెక్స్ట్ ఫైలు. మన మామిడి సైటుకు ఐదారు లైన్లు సరిపోతాయి. పైథాన్ స్లిమ్ బేస్ ఇమేజ్‌తో మొదలుపెట్టండి. తర్వాత లైబ్రరీల జాబితా ఉన్న ఫైలును ఒక్కదాన్నే కాపీ చేసి వాటిని ఇన్‌స్టాల్ చేయించండి. మిగతా కోడ్‌ను ఆ తర్వాతే కాపీ చేయండి. ఈ వరుసకు కారణం ఉంది. డాకర్ ప్రతి మెట్టునూ ఒక పొరగా దాచుకుంటుంది, ఏ పొర మారిందో అక్కడి నుంచి కిందివన్నీ మళ్లీ కడుతుంది. మీరు రోజుకు ఇరవైసార్లు మార్చేది కోడ్‌ను, లైబ్రరీలను మార్చేది ఎప్పుడో ఒకసారి. మారనిది పైన, మారేది కింద ఉంటే బిల్డ్ చకచకా అయిపోతుంది.

చివరి లైనులో ఫ్లాస్క్ డెవలప్‌మెంట్ సర్వర్‌ను నడపకండి. అది మీరు కోడ్ రాస్తూ సరిచూసుకోవడానికి ఉద్దేశించింది. గునికార్న్ అనే సర్వర్‌ను పెట్టండి. ఒక వర్కర్, ఎనిమిది థ్రెడ్లు మంచి ఆరంభం. ఆ ఆదేశాన్ని షెల్ గుండా పంపితే కొన్నిసార్లు సిగ్‌టర్మ్ షెల్ దగ్గరే ఆగిపోయి గునికార్న్ దాకా రాదు. అందుకని షెల్ ద్వారా మొదలుపెట్టినా ముందు ఎగ్జెక్ అని చేర్చండి.

డాకర్‌ఇగ్నోర్ ఫైలును మరచిపోవద్దు. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ ఫోల్డరు, గిట్ చరిత్ర, పాస్‌వర్డులున్న ఎన్వ్ ఫైలు ఇమేజ్‌లోకి వెళ్లకుండా చూసేది అదే. పాస్‌వర్డును ఒక లైనులో కాపీ చేసి తర్వాతి లైనులో తీసేశాం కదా అనుకుంటే పొరపాటు. తీసేసింది తర్వాతి పొరలోంచే, ముందటి పొరలో అది అలాగే ఉంటుంది. ఇమేజ్ చేతికి చిక్కినవాళ్లు ఆ పొర విప్పి చదువుకోగలరు.

క్లౌడ్ ఎక్కకముందే అసలు పరీక్ష

చాలామంది ఇక్కడే తొందరపడి డిప్లాయ్ చేసి, తప్పులన్నీ అక్కడ వెతుక్కుంటారు. క్లౌడ్‌లో ఒక తప్పు సరిచేసి మళ్లీ చూడటానికి నిమిషాలు పడుతుంది. అదే తప్పును లాప్‌టాప్ మీద సెకన్లలో పట్టుకోవచ్చు. మూడు పరీక్షలు చేయండి.

మొదటిది, పోర్టు పరీక్ష. ఇమేజ్ బిల్డ్ చేసి, పోర్ట్ వేరియబుల్‌కు 8080 కాకుండా 9090 ఇచ్చి నడపండి. బ్రౌజర్లో 9090 దగ్గర సైటు తెరుచుకుంటే మీ కోడ్ ప్లాట్‌ఫామ్ మాట వింటోందని అర్థం. తెరుచుకోకపోతే ఎక్కడో పోర్టు నంబరు నేరుగా రాసేశారు, లేదా యాప్ 127.0.0.1 మీదే వింటోంది, వెతకండి.

రెండోది, కవలల పరీక్ష. అదే ఇమేజ్‌ను రెండు వేర్వేరు పోర్టుల మీద ఒకేసారి నడపండి. ఒకదాంట్లో లాగిన్ అయి రెండు పెట్టెల రసాలు కార్ట్‌లో వేయండి. బ్రౌజర్ అడ్రస్‌లో పోర్టు మార్చి రెండోదానికి వెళ్లండి. కార్ట్ అలాగే ఉందా? ఖాళీ అయితే కార్ట్‌ను పైథాన్ డిక్షనరీలో దాచారన్నమాట. రద్దీ వేళ ఒక కస్టమర్ రిక్వెస్టులు ఒకసారి ఒక ఇన్‌స్టెన్స్‌కు, మరోసారి ఇంకోదానికి వెళ్తాయి. కార్ట్ ఉన్నట్టే ఉండి మాయమవుతుంది. లాగిన్ పోయిందా? ఫ్లాస్క్ సెషన్‌ను మామూలుగా సంతకం చేసిన కుకీగా బ్రౌజర్లోనే దాస్తుంది కాబట్టి, రెండు కంటెయినర్లకూ సీక్రెట్ కీ ఒకటే అయితే లాగిన్ నిలవాలి. నిలవలేదంటే యాప్ మొదలైన ప్రతిసారీ కొత్త కీ పుట్టించేలా రాశారు.

మూడోది, చావు పరీక్ష. ఒక ఆర్డర్ పెట్టి, ఒక ఫొటో ఎక్కించి, కంటెయినర్‌ను పూర్తిగా తీసేయండి. ఆపి మళ్లీ మొదలుపెట్టడం కాదు, తొలగించి కొత్తది నడపండి. ఆర్డర్ ఉందా? ఫొటో ఉందా? ఎస్‌క్యూలైట్ ఫైలులో డేటా దాచే కాలేజీ ప్రాజెక్టులన్నీ ఇక్కడే కూలుతాయి. లాప్‌టాప్ మీద కూలితే పోయేది పది నిమిషాలు. మే నెలలో క్లౌడ్ మీద కూలితే పోయేది జనం పెట్టిన ఆర్డర్లు.

ఎక్కడ ఏది దాచాలి

పరీక్షల్లో పోయినవాటికి ఇప్పుడు చోటు చూపిద్దాం.

ఆర్డర్లు, కార్టులు డేటాబేస్‌లోకి వెళ్లాలి. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ అలవాటైనవాళ్లు క్లౌడ్ ఎస్‌క్యూఎల్ తీసుకుంటారు. మంచిదే, కానీ ఒక సంగతి గమనించండి. మీ యాప్ సున్నాకు దిగినా ఆ డేటాబేస్ దిగదు, నవంబరులో ఒక్క ఆర్డరూ లేకపోయినా దాని బిల్లు నడుస్తూనే ఉంటుంది. సర్వర్‌లెస్ అనుకుని నిశ్చింతగా ఉన్నవాళ్లకు నెలాఖరున వచ్చే ఆశ్చర్యం ఇది. మన సైటు లాంటి చిన్న పనికి ఫైర్‌స్టోర్ అనే డేటాబేస్ నప్పుతుంది. అందులో రోజుకు 50,000 చదవడాలు, 20,000 రాయడాలు, 1 జీబీ నిల్వ ఉచితం.

పోస్ట్‌గ్రెసే కావాలంటే కనెక్షన్ల లెక్క వేసుకోండి. ఒక్కో ఇన్‌స్టెన్స్ ఐదు కనెక్షన్లు తెరుస్తుందనుకుంటే, ఇరవై ఇన్‌స్టెన్సులు లేచినప్పుడు అవి వంద. డేటాబేస్ అనుమతించేది అంతకన్నా తక్కువైతే, యాప్ బాగానే ఉండి డేటాబేస్ తలుపు మూసేస్తుంది. గరిష్ఠ ఇన్‌స్టెన్సుల సంఖ్యను, కనెక్షన్ పూల్ పరిమాణాన్ని గుణించి చూడకుండా ముందుకు పోవద్దు.

ఫొటోలు క్లౌడ్ స్టోరేజ్‌లోకి వెళ్లాలి. వాటిని యాప్ గుండా కాకుండా సంతకం చేసిన యూఆర్ఎల్ ఇచ్చి బ్రౌజర్ నుంచి నేరుగా అక్కడికే పంపించండి. మామూలు హెచ్‌టీటీపీ 1 రిక్వెస్టుల పరిమాణానికి క్లౌడ్ రన్‌లో 32 ఎంబీ హద్దు ఉంది. ఫోన్ కెమెరా ఫొటోలు నాలుగైదు కలిస్తే దాని దగ్గరికి చేరతాయి.

పాస్‌వర్డులు, సీక్రెట్ కీలు సీక్రెట్ మేనేజర్‌లో ఉండాలి. కోడ్‌లో వద్దు, ఇమేజ్‌లో అసలే వద్దు. యాప్ ఏ సర్వీస్ అకౌంట్ పేరిట నడుస్తుందో కూడా చూడండి. డీఫాల్ట్‌గా వచ్చే అకౌంట్‌కు చాలా ప్రాజెక్టుల్లో అవసరానికి మించిన అధికారాలుంటాయి. ఈ సైటు కోసమే ఒక కొత్త అకౌంట్ తెరిచి ఫైర్‌స్టోర్, స్టోరేజ్, ఆ ఒక్క సీక్రెట్ వరకే అనుమతి ఇవ్వండి.

ఇప్పుడు డిప్లాయ్

ప్రాజెక్టు తెరిచి, బిల్లింగ్ జతచేసి, జీక్లౌడ్ టూల్ ఇన్‌స్టాల్ చేసుకున్నాక కోడ్ ఉన్న ఫోల్డరులో నిలబడి ఇవ్వాల్సిన ఆదేశం ఒక్కటే: జీక్లౌడ్ రన్ డిప్లాయ్. దానికి సర్వీసు పేరు, సోర్స్ ఫ్లాగ్ తర్వాత ఈ ఫోల్డరు అని చెప్పే చుక్క, రీజియన్ చేర్చండి. మన కస్టమర్లకు ముంబయి రీజియన్ దగ్గర. ఢిల్లీ కూడా ఉంది. డేటాబేస్‌ను, స్టోరేజ్‌ను కూడా అదే రీజియన్లో పెట్టండి. లేదంటే ప్రతి క్వెరీకీ దూరప్రయాణమే.

ఆ ఆదేశం వెనక మూడు పనులు జరుగుతాయి. కోడ్ క్లౌడ్ బిల్డ్‌కు వెళ్లి ఇమేజ్ అవుతుంది. ఇమేజ్ ఆర్టిఫాక్ట్ రిజిస్ట్రీలో చేరుతుంది. అక్కడి నుంచి క్లౌడ్ రన్ దాన్ని తీసుకుని నడుపుతుంది. ఇమేజ్‌ను లాప్‌టాప్ మీదే బిల్డ్ చేసి పంపే దారీ ఉంది. అప్పుడు కొత్త మాక్‌లున్నవాళ్లు జాగ్రత్త పడాలి. వాటి చిప్పు ఆర్మ్ రకం, క్లౌడ్ రన్‌కు కావలసింది లైనక్స్ ఏఎండీ64 ఇమేజ్. ప్లాట్‌ఫామ్ చెప్పకుండా బిల్డ్ చేస్తే "ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్" అని ఒక్క లైను వచ్చి యాప్ పడిపోతుంది.

మధ్యలో "లాగిన్ లేకుండా అందరినీ రానివ్వాలా?" అని ఒక ప్రశ్న వస్తుంది. చదవకుండా ఎంటర్ నొక్కితే వద్దన్నట్టు లెక్క. తర్వాత లింక్ తెరిస్తే 403 అని కనిపిస్తుంది, కొత్తవాళ్లు కోడ్‌లో తప్పు వెతుకుతారు. సైటు జనం కోసమే కాబట్టి అవునని చెప్పండి. కంపెనీలో లోపలివాళ్లకోసం చేసే సర్వీసయితే వద్దనడమే సరి.

చివర్లో రన్ డాట్ యాప్‌తో ముగిసే హెచ్‌టీటీపీఎస్ లింక్ చేతికొస్తుంది. సర్టిఫికెట్ బాధ వాళ్లే పడతారు.

జవాబు ఇచ్చేశాక యాప్ ఏం చేస్తుంది?

ఇది పుస్తకాల్లో తక్కువగా, అనుభవంలో ఎక్కువగా కనిపించే చిక్కు. ఆర్డర్ రాగానే "అందింది" అని పేజీ చూపించేసి, వెనకాల ఒక థ్రెడ్‌లో ఎస్ఎంఎస్ పంపే పని పెట్టారనుకోండి. లాప్‌టాప్ మీద చక్కగా పంపుతుంది. క్లౌడ్ రన్‌లో రిక్వెస్టు లెక్కన బిల్లు పడే డీఫాల్ట్ పద్ధతిలో, చేతిలో రిక్వెస్టు లేనప్పుడు ఇన్‌స్టెన్స్‌కు సీపీయూ దాదాపు అందదు. థ్రెడ్ అక్కడే కునుకు తీస్తుంది. ఇంకో కస్టమర్ వస్తే లేచి మిగతా పని చేస్తుంది. రాకపోతే ఇన్‌స్టెన్స్‌తో పాటే పోతుంది. ఎస్ఎంఎస్‌లు ఒక్కోసారి వెంటనే వెళ్తాయి, ఒక్కోసారి గంటకు వెళ్తాయి, ఒక్కోసారి అసలే వెళ్లవు. ఇలా జరిగినప్పుడు ఎస్ఎంఎస్ కంపెనీని తిట్టేముందు ఈ సంగతి చూడండి.

మందులు మూడు. పని చిన్నదైతే జవాబు ఇవ్వకముందే పూర్తిచేయండి. పెద్దదైతే క్లౌడ్ టాస్క్స్ వరుసలో వేయండి, అది మళ్లీ ఒక రిక్వెస్టుగా వచ్చి ఆ పని చేయించుకుంటుంది, విఫలమైతే మళ్లీ ప్రయత్నిస్తుంది. మళ్లీ ప్రయత్నించడం ఉంది కాబట్టి, ఒకే ఆర్డరుకు రెండుసార్లు పిలిచినా ఒక్క ఎస్ఎంఎసే వెళ్లేలా రాసుకోండి. ఇవేవీ కుదరకపోతే ఇన్‌స్టెన్స్ ఉన్నంతసేపూ సీపీయూ అందే బిల్లింగ్ పద్ధతికి మారండి, ఖర్చు లెక్క చూసుకుని.

తెలుగు యాప్‌లకు రెండు మాటలు

రశీదు పీడీఎఫ్ లాప్‌టాప్ మీద ముత్యాల్లాంటి తెలుగులో వచ్చి, క్లౌడ్‌లో చదరపు డబ్బాలుగా వస్తే కంగారు పడకండి. మీ లాప్‌టాప్‌లో తెలుగు ఫాంట్లు ముందే ఉన్నాయి. స్లిమ్ ఇమేజ్‌లో ఏ ఫాంటూ లేదు. నోటో సాన్స్ తెలుగు వంటి ఉచిత ఫాంటును ఇమేజ్‌లోకి కాపీ చేయండి. డబ్బాలు పోయినా వత్తులు విడివిడిగా పడుతుంటే లోపం ఫాంటుది కాదు. అక్షరాలను కూర్చే హార్ఫ్‌బజ్ వంటి ఇంజన్‌ను వాడుకునే పీడీఎఫ్ లైబ్రరీ కావాలి.

రెండోది గడియారం. కంటెయినర్‌లో సమయం యూటీసీ, మన కంటే ఐదున్నర గంటలు వెనక. రాత్రి రెండింటికి వచ్చిన ఆర్డర్ మీద నిన్నటి తేదీ పడుతుంది. తెల్లవారి లెక్కలు చూసే నాన్నగారికి రెండు రోజుల ఆర్డర్లు కలగాపులగమవుతాయి. దాచేది యూటీసీలోనే దాచండి, చూపించేటప్పుడు భారతీయ సమయానికి మార్చండి.

రద్దీకి, ఖర్చుకు కళ్లెం

ఒక ఇన్‌స్టెన్స్ ఒకేసారి ఎన్ని రిక్వెస్టులు తీసుకోవాలన్నది కాంకరెన్సీ. ఒక సీపీయూకు డీఫాల్ట్ 80. మన గునికార్న్‌లో ఉన్నవి ఎనిమిది థ్రెడ్లు. ఎనభై మంది వస్తే ఎనిమిది మందికి పని జరుగుతుంటుంది, మిగతావాళ్లు లోపలే వరుసలో నిలబడతారు. లోపల ఇంకా చోటుందన్న భరోసాతో ప్లాట్‌ఫామ్ కొత్త ఇన్‌స్టెన్స్‌ను ఆలస్యంగా లేపుతుంది. ఈ రెండు అంకెలనూ దగ్గరగా ఉంచండి. పీడీఎఫ్ తయారీలాగా మెమరీ మింగే పని ఉంటే కాంకరెన్సీని ఇంకా తగ్గించండి.

గరిష్ఠ ఇన్‌స్టెన్సుల సంఖ్యను మీరే నిర్ణయించండి. వదిలేస్తే డీఫాల్ట్ వంద. మన సైటుకు ఐదు చాలు. ఎవరైనా కొంటెగా లక్ష రిక్వెస్టులు పంపినా బిల్లు ఒక హద్దులో ఉంటుంది. బడ్జెట్ అలర్ట్ పెట్టండి, అయితే అది ఈమెయిల్ పంపుతుందే గాని ఖర్చును ఆపదు. నిజంగా ఆపేది ఆ గరిష్ఠ సంఖ్యే.

నెలకు 20 లక్షల రిక్వెస్టులు, 1,80,000 వీసీపీయూ సెకన్లు ఉచిత కోటా. సెకన్లను గంటల్లోకి మారిస్తే 50 గంటల పని. నెలకు 720 గంటలు కదా, ఇది ఏ మూలకు అనిపించొచ్చు. లెక్కలోకి వచ్చేది రిక్వెస్టు చేతిలో ఉన్న సమయమే. ఒకేసారి పదిమందికి జవాబిస్తున్నా ఆ ఇన్‌స్టెన్స్ కాలం ఒక్కసారే లెక్కకొస్తుంది. కోల్డ్ స్టార్ట్ భరించలేక కనీసం ఒక ఇన్‌స్టెన్స్ ఎప్పుడూ లేచి ఉండాలని పెట్టుకుంటే మాత్రం అది ఖాళీగా ఉన్నా డబ్బు పడుతుంది. సీజన్‌లో పెట్టుకుని జూలైలో తీసేయండి. కోటాలు, ధరలు మారుతుంటాయి కాబట్టి మొదలుపెట్టే రోజు ధరల పేజీ ఒకసారి చూడండి.

చెడినప్పుడు ఏం చేయాలి

ప్రతి డిప్లాయ్ ఒక కొత్త రివిజన్ అవుతుంది. పాతది చెరిగిపోదు. కొత్త రివిజన్‌కు ట్రాఫిక్ ఇవ్వకుండా, ఒక ట్యాగ్ తగిలించి డిప్లాయ్ చేస్తే దానికి వేరే లింక్ వస్తుంది. మీరు, మీ స్నేహితులు అక్కడ చూసుకుని, పదో వంతు ట్రాఫిక్ ఇచ్చి, తర్వాత మొత్తం మళ్లించండి. తేడా వస్తే ట్రాఫిక్‌ను పాత రివిజన్‌కు తిప్పడం ఒక్క ఆదేశం పని. ముందు తిప్పండి, కారణం తర్వాత వెతకండి. జనం ఎదురుచూస్తుంటే డీబగ్గింగ్ చేయడం వీరత్వం కాదు. అయితే వెనక్కి వెళ్లేది కోడ్ మాత్రమే, డేటాబేస్ వెళ్లదు. డేటా ఆకారం మార్చేటప్పుడు పాత కోడ్ కూడా బతకగలిగేలా ముందు కొత్త ఫీల్డు చేర్చి, పాతదాన్ని కొన్నాళ్ల తర్వాత తీసేయండి.

ఊహించే ముందు లాగ్స్ చదవండి. స్టాండర్డ్ అవుట్‌పుట్‌లోకి ప్రింట్ చేసినదల్లా క్లౌడ్ లాగింగ్‌లో కనిపిస్తుంది. పైనుంచి కిందికి చదివి మొదటి ఎర్రర్ పట్టుకోండి. చివరిది సాధారణంగా దాని పర్యవసానమే. ఒకసారికి ఒక్క మార్పే చేయండి. నాలుగు కలిపి మారిస్తే బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు. సీనియర్లను సాయం అడిగేటప్పుడు "పనిచేయట్లేదు అన్నా" అని వదిలేయకండి. ఏం చేశారు, ఏం జరగాలనుకున్నారు, లాగ్‌లో ఏ లైను వచ్చింది, ఈ మూడూ రాసి పంపండి. రాస్తుండగానే సగం సార్లు జవాబు మీకే తడుతుంది.

ఈ వారం పని

సోమవారం: మీ దగ్గరున్న ఏదో ఒక పాత ప్రాజెక్టు తీయండి. కొత్తది మొదలుపెట్టొద్దు. డాకర్‌ఫైల్ రాసి పోర్టు పరీక్ష గట్టెక్కించండి.

మంగళ, బుధవారాలు: కవలల పరీక్ష, చావు పరీక్ష చేసి, పోయిన ప్రతిదాని పేరూ కాగితం మీద రాయండి. పక్కన అది ఉండాల్సిన చోటు రాసి, ఒక్కొక్కటీ అక్కడికి మార్చండి.

గురువారం: ముంబయి రీజియన్లో డిప్లాయ్ చేయండి. గరిష్ఠ ఇన్‌స్టెన్సులు, బడ్జెట్ అలర్ట్ అదే రోజు పెట్టేయండి.

శుక్రవారం: ఒక చిన్న మార్పు చేసి కొత్త రివిజన్ పంపండి. కావాలనే పాతదానికి తిరిగి వెళ్లండి. అవసరం లేనప్పుడు చేసి చూసినవాళ్లకే అవసరం పడ్డప్పుడు చేయి వణకదు.

శనివారం: లింక్‌ను ముగ్గురికి పంపి వాడమనండి. వాళ్లు వాడుతుండగా లాగ్స్ చూడండి.

ఆదివారం: ఆ సర్వీసును పూర్తిగా డిలీట్ చేయండి. అవును, మీరే. తర్వాత గిట్‌లో ఉన్న కోడ్‌తో, మీరు రాసుకున్న నోట్సుతో మొదటి నుంచి మళ్లీ డిప్లాయ్ చేయండి. శనివారం వచ్చిన ఆర్డర్లు, ఫొటోలు, లాగిన్లు అన్నీ ఉన్నచోటే ఉంటే పని ముగిసింది, ఆ లింక్‌ను రెజ్యూమెలో పెట్టుకోండి. ఏదైనా పోతే ఆ ఒక్కదాని పేరు మీ కాగితం మీద చేర్చండి. వచ్చే వారం పని అదే.